డెక్స్టర్ గోర్డన్: పద్నాలుగేళ్ల కోపెన్‌హాగన్ కాపురం

అమెరికన్ జాజ్ గురించి ఎక్కడ చదివినా ఒక కథ ఎదురవుతుంది. నల్లజాతి కళాకారుణ్ణి సొంత దేశం తరిమేస్తుంది, యూరప్ పిలిచి పీట వేస్తుంది, అక్కడ అతను హాయిగా వాయించుకుంటూ బతుకుతాడు. టెనర్ సాక్సోఫోన్ విద్వాంసుడు డెక్స్టర్ గోర్డన్ పేరు వచ్చినప్పుడల్లా ఇదే చెబుతారు. 1962లో అమెరికా వదిలాడు, కోపెన్‌హాగన్‌లో స్థిరపడ్డాడు, 1976లో తిరిగొచ్చి జేజేలు అందుకున్నాడు. తేదీలు సరైనవే. కథే మరీ నున్నగా ఉంది.

ఆ పద్నాలుగేళ్లలో అతను చాలాకాలం అమెరికన్ కంపెనీలకే రికార్డులు చేశాడు. మధ్యమధ్య అమెరికా వెళ్లి వాయించి వచ్చాడు. దేశం మీద అలిగి వెళ్లిపోయిన మనిషి చేసే పనులు కావివి. పోనీ జాతి వివక్ష ఒక్కటే కారణం అనుకుందామా? అలాగైతే అతని తరంలో దాదాపు ప్రతి నల్లజాతి సంగీతకారుడూ విమానం ఎక్కాల్సింది. ఎక్కువమంది ఎక్కలేదు. కాబట్టి ఎందుకు వెళ్లాడన్న ప్రశ్న కంటే, ఏం దొరికితే అంతకాలం ఉండిపోయాడన్న ప్రశ్న నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. నా జవాబు ముందే చెప్పేస్తాను. అతనికి అక్కడ దొరికింది పని. నెలల తరబడి ఒకే వేదిక మీద, గట్టి పక్కవాద్యాలతో, న్యూయార్క్ క్లబ్బుల్లోలా పోలీసు కార్డు అక్కర్లేని పని. గౌరవం, మనశ్శాంతి, సైకిల్ షికార్లు అన్నీ దాని వెనకాలే వచ్చాయి. అందుకు అతను చెల్లించిన మూల్యమూ ఉంది.

సాక్సోఫోన్ అనగానే మనలో చాలామందికి కద్రి గోపాల్‌నాథ్ గుర్తొస్తారు. ఆయనది ఆల్టో. గోర్డన్ వాయించిన టెనర్ అంతకంటే పెద్దది, దాని గొంతు ఇంకా కింద పలుకుతుంది. ఆరడుగుల ఆరంగుళాల మనిషి కావడంతో అంత వాద్యమూ అతని చేతిలో చిన్నగానే కనిపించేది. జాజ్‌లో మామూలుగా అందరూ కలిసి ఒక పాటను ఒకసారి వాయిస్తారు. ఆ తర్వాత దాని కార్డ్‌ల (కలిసి పలికే స్వరాల గుంపుల) వరస మీద ఒక్కొక్కరూ అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. కల్పనస్వరాలు విన్న చెవికి ఇది అందడానికి ఎక్కువసేపు పట్టదు. ఆ అల్లికలో గోర్డన్ ప్రత్యేకత తాళానికి కాస్త వెనకగా నడవడం. డ్రమ్మర్ దెబ్బ పడ్డాక వెంట్రుకవాసి ఆగి స్వరం వేస్తాడు. అందుకుంటాడా లేదా అని వినేవాడికి చిన్న టెన్షన్. ఎప్పుడూ అందుకుంటాడు. నడుమ ఇంకేదో పాట ముక్కను చటుక్కున ఇరికించి, ఏమీ ఎరగనట్టు ముందుకెళ్లిపోతాడు. విలంబంలో సాగే ప్రేమపాటలైతే, మొదలుపెట్టే ముందు సాహిత్యంలోంచి ఒకటి రెండు పాదాలు తన బొంగురు గొంతుతో చదివి వినిపించేవాడు. పాట మాటలు తెలియకుండా వాయించకూడదన్న ముందుతరం టెనర్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ పాఠాన్ని అతనంత శ్రద్ధగా పాటించినవాళ్లు తక్కువ.

ఇలా వెనకపడి నడవాలంటే వెనకున్న పియానో, బేస్, డ్రమ్స్ చెక్కుచెదరకూడదు. వాళ్లు తడబడితే అతని నిదానం సోమరితనంలా వినిపిస్తుంది. యూరప్‌లో అతని జీవితం బాగుందా లేదా అన్నది చాలావరకు ఈ ముగ్గురి మీదే ఆధారపడింది.

అతను పేదరికంలోంచి వచ్చినవాడు కాదు. 1923 ఫిబ్రవరి 27న లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. తండ్రి ఫ్రాంక్ గోర్డన్ ఆ నగరంలో తొలితరం నల్లజాతి డాక్టర్లలో ఒకరు. డ్యూక్ ఎల్లింగ్టన్, లయనెల్ హాంప్టన్ వంటి జాజ్ సంగీతకారులు ఆయన పేషెంట్లు. తల్లి తరఫు తాత ఎడ్వర్డ్ బేకర్ 1898 నాటి స్పెయిన్ యుద్ధంలో చూపిన ధైర్యానికి అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నాడు. డెక్స్టర్ చిన్నతనంలోనే తండ్రి పోయాడు. క్లారినెట్‌తో మొదలుపెట్టి సాక్సోఫోన్‌కు మారిన ఆ కుర్రాడు, 1940 చివర్లో పదిహేడేళ్ల వయసులో హాంప్టన్ బ్యాండ్‌లోనే చేరి ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు.

1944లో బిల్లీ ఎక్‌స్టైన్ బ్యాండ్‌లో డిజీ గిలెస్పీ, ఆర్ట్ బ్లేకీ లాంటి వాళ్ల పక్కన కూర్చున్నాడు. బీబాప్ అనే కొత్త జాజ్ పద్ధతి అప్పుడే రూపు దిద్దుకుంటోంది. దాని ఆద్యుల్లో ఒకడైన చార్లీ పార్కర్ ఆల్టో మీద చేస్తున్నదాన్ని టెనర్ మీదకు తెచ్చిన మొదటివాళ్లలో గోర్డన్ ఒకడు. 1947లో వార్డెల్ గ్రే అనే మరో టెనర్ విద్వాంసుడితో పోటాపోటీగా వాయించిన ‘ద చేజ్’ 78 ఆర్‌పీఎం రికార్డు రెండు వైపులా నిండి, బాగా అమ్ముడుపోయింది. మూడేళ్లు చిన్నవాడైన టెనర్ విద్వాంసుడు జాన్ కోల్‌ట్రేన్ తొలినాళ్ల వాయింపులో గోర్డన్ ముద్ర స్పష్టంగా వినిపిస్తుంది. తర్వాత కోల్‌ట్రేన్ సంగీతంలో ఎంతో దూరం వెళ్లిపోయాడు. అప్పుడు గోర్డన్ అతని దగ్గర్నుంచి నేర్చుకున్నాడు. పెద్దవాడు చిన్నవాడి దగ్గర నేర్చుకోవడం ఈ రంగంలో అంత తరచుగా జరగదు.

ఆ తర్వాతి పదేళ్లు దాదాపు ఖాళీ. కారణం హెరాయిన్. ఆ తరం బీబాప్ కళాకారుల్లో ఎందరినో అది పట్టుకుంది. అమెరికా దాన్ని జబ్బుగా చూడకుండా నేరంగా చూసింది. 1951లోనూ 1956లోనూ వచ్చిన చట్టాలు మత్తుమందుల కేసుల్లో ఇంతకు తక్కువ శిక్ష వేయడానికి వీల్లేదని జడ్జిల చేతులు కట్టేశాయి. గోర్డన్‌కు 1950లలో చాలా భాగం జైలు, పెరోల్ మధ్యనే గడిచింది. కాలిఫోర్నియాలోని చీనో జైల్లో ఉండగా అక్కడ ‘అన్‌చెయిన్డ్’ అనే సినిమా తీశారు. 1955లో వచ్చిన ఆ సినిమాలో అతను సాక్సోఫోన్‌తో కనిపిస్తాడు. వినిపించే నాదం మాత్రం వేరే విద్వాంసుడిది. ఆ దశకంలో అతని పరిస్థితికి ఇంతకంటే సరైన ఉదాహరణ నాకు దొరకలేదు.

బయటికొచ్చినా చిక్కు తీరదు. న్యూయార్క్‌లో 1940 నుంచి 1967 దాకా కాబరే కార్డు అనే పద్ధతి నడిచింది. మద్యం అమ్మే క్లబ్బుల్లో పనిచేయాలంటే, గాయకుడైనా వెయిటరైనా, పోలీసులు ఇచ్చే కార్డు ఉండాలి. మత్తుమందుల కేసు ఉంటే కార్డు ఇవ్వకపోవచ్చు, ఉన్నది లాక్కోవచ్చు. గాయని బిల్లీ హాలిడే కార్డు అలాగే పోయింది. పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ 1951 నుంచి కొన్నేళ్లపాటు న్యూయార్క్ క్లబ్బుల్లో వాయించలేకపోయాడు. జాజ్ రాజధానిలో జాజ్ వాయించే హక్కు పోలీస్ స్టేషన్ చేతిలో ఉండేదన్నమాట. కార్డు లేనివాడు రికార్డులు చేసుకోవచ్చు, హాళ్లలో కచేరీలు ఇవ్వొచ్చు. కానీ రోజువారీ తిండి పెట్టేది క్లబ్బులే. గోర్డన్ లాంటి చరిత్ర ఉన్నవాడికి ఆ తలుపు ఎంత ఇరుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో జాతి వివక్ష లేదని కాదు. ఈ చట్టాలు ఎవరి మీద ఎక్కువ విరుచుకుపడ్డాయో అందరికీ తెలిసిందే. ఆ వివక్ష గోర్డన్ గుమ్మం దాకా వచ్చింది ఇలాంటి కాగితాల రూపంలోనే. అతన్ని కదిలించింది ఏమిటో అర్థం కావాలంటే ‘వివక్ష’ అనే పెద్ద మాట దగ్గర ఆగకుండా ఈ కార్డు దాకా రావాలి.

1960 నుంచి అదృష్టం కాస్త తిరిగింది. ఆల్టో విద్వాంసుడు కానన్‌బాల్ ఆడర్లీ చొరవతో ఒక రికార్డు చేశాడు. ‘ద కనెక్షన్’ నాటకం లాస్ ఏంజెలెస్ ప్రదర్శనలో నటించి, దానికి సంగీతమూ సమకూర్చాడు. హెరాయిన్ కోసం ఎదురుచూసే సంగీతకారుల గురించిన నాటకం అది. పాత్రకు రిహార్సల్ పెద్దగా అవసరమై ఉండదు. 1961లో న్యూయార్క్‌లోని బ్లూ నోట్ కంపెనీ అతనితో ఒప్పందం చేసుకుంది. 1962 ఆగస్టు 27న సోనీ క్లార్క్ పియానో, బుచ్ వారెన్ బేస్, బిల్లీ హిగిన్స్ డ్రమ్స్‌తో ‘గో’ అనే ఆల్బమ్ రికార్డు చేశాడు. తన రికార్డులన్నిటిలో తనకు ఇష్టమైనది ఇదేనని తర్వాత చెప్పుకున్నాడు. రెండు రోజులకే అదే ముగ్గురితో మరో ఆల్బమ్ పూర్తిచేశాడు. కొన్ని రోజుల తర్వాత లండన్ విమానం ఎక్కాడు. అంటే వెళ్లేనాటికి అతను ఓడిపోయి లేడు, మంచి ఊపు మీద ఉన్నాడు. నున్నటి కథలో ఈ ముక్క ఇమడదు.

లండన్ ఎందుకంటే అప్పుడే అక్కడ తలుపు తెరుచుకుంది. అమెరికన్ బ్యాండ్లు వచ్చి తమ పొట్ట కొడతాయన్న భయంతో బ్రిటిష్ సంగీతకారుల యూనియన్ 1930ల నుంచి వాళ్లను రానివ్వలేదు. ఒకరు వస్తే ఒకరు వెళ్లాలనే పద్ధతి మీద 1950లలో ఆ పట్టు సడలింది. 1961లో రోనీ స్కాట్ తన క్లబ్బుకు అమెరికన్ టెనర్ విద్వాంసుడు జూట్ సిమ్స్‌ను రప్పించి, బదులుగా ఇంగ్లండ్ వాడైన టబ్బీ హేస్‌ను న్యూయార్క్ పంపాడు. ఆ దారిలోనే మరుసటి ఏడాది గోర్డన్ వచ్చాడు. అక్కణ్ణుంచి కోపెన్‌హాగన్‌లోని జాజ్‌హస్ మోన్‌మార్త్ క్లబ్బుకు పిలుపొచ్చింది. వాయించి వెళ్లిపోదామని వచ్చినవాడు అక్కడే ఉండిపోయాడు.

మోన్‌మార్త్ 1959లో స్టోరె రెగ్నెగాడె అనే చిన్న వీధిలో మొదలైన క్లబ్. 1961 నుంచి హెర్లుఫ్ కాంప్ లార్సెన్ నడిపాడు. గోర్డన్ కంటే ముందే మరో అమెరికన్ టెనర్ విద్వాంసుడు స్టాన్ గెట్జ్ కొన్నేళ్లు కోపెన్‌హాగన్‌లో కాపురముండి అక్కడ వాయించాడు. ఆస్కార్ పెటిఫర్డ్ అనే గొప్ప బేస్ విద్వాంసుడు 1960లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. కాబట్టి గోర్డన్ ఏదో తెలియని చలిదేశంలో దిగలేదు. అప్పటికే జాజ్ వినే చెవులు, రాసే పత్రికలు, నేర్చుకునే కుర్రాళ్లు ఉన్న ఊళ్లో దిగాడు. అమెరికాలో ఒక వారం ఈ ఊళ్లో, మరో వారం ఆ ఊళ్లో తిరిగే బతుకు. మోన్‌మార్త్‌లో వారాలు, నెలలు, కొన్నిసార్లు వేసవి మొత్తం ఒకే చోట. రాత్రికి రాత్రి తేడా కనబడేలా ఒక పాటను సానబెట్టుకునే వీలు అక్కడ దొరికింది.

ఇక పక్కవాద్యాలు. బేస్ మీద నీల్స్ హెన్నింగ్ ఓర్‌స్టెడ్ పెడర్సన్ అనే కుర్రాడు. 1946లో పుట్టాడు. పదిహేనేళ్లకే అమెరికన్ పియానో విద్వాంసుడు బడ్ పవెల్‌తో రికార్డు చేశాడు. పదిహేడేళ్లకు కౌంట్ బేసీ తన బ్యాండ్‌లోకి రమ్మంటే వయసు చాలదని వెళ్లలేదు. తర్వాతి కాలంలో పియానో విద్వాంసుడు ఆస్కార్ పీటర్సన్ పక్కన ప్రపంచమంతా తిరిగిన మనిషి ఇతనే. డ్రమ్స్ మీద డెన్మార్క్ వాడే అలెక్స్ రీల్. పియానో మీద బార్సిలోనా నుంచి వచ్చిన, చూపులేని కాటలాన్ విద్వాంసుడు టెటె మోంటోలియు, ఆ తర్వాత కోపెన్‌హాగన్‌లో స్థిరపడిన అమెరికన్ కెన్నీ డ్రూ. అప్పటి యూరప్‌లో చాలాచోట్ల అమెరికన్ విద్వాంసులకు ఎదురైన పెద్ద బాధ స్థానిక పక్కవాద్యాలు. ముందు అమెరికన్ పరుగెడుతుంటే వెనక ముగ్గురూ ఆయాసపడుతుండేవాళ్లు. కోపెన్‌హాగన్‌లో ఆ బాధ లేదు. గోర్డన్ పారిస్‌లోనో రోమ్‌లోనో కాకుండా అక్కడే ఉండిపోవడానికి నాకు కనిపించే బలమైన కారణం ఇది. డేనిష్ ప్రజల మంచితనం గురించి రాసినంతగా ఈ కుర్రాళ్ల గురించి రాయకపోవడం అన్యాయం.

క్లబ్, పక్కవాద్యాల తర్వాత మూడోది రేడియో. డెన్మార్క్‌లో అప్పట్లో రేడియో వ్యాపార సంస్థ కాదు, జనం కట్టే లైసెన్సు రుసుముతో నడిచే ప్రజాసంస్థ. ప్రకటనలు అమ్ముకోవాల్సిన అవసరం లేదు గనుక జాజ్‌కు సమయం ఇవ్వగలిగింది. 1964 వేసవిలో గురువారం రాత్రుల్లో మోన్‌మార్త్ నుంచి గోర్డన్ కచేరీలు ప్రసారమయ్యాయి. అతనే మైకు ముందుకొచ్చి పాటలను పరిచయం చేసేవాడు. ఆ టేపులు తర్వాత ‘డెక్స్టర్ ఇన్ రేడియోలాండ్’ పేరుతో వరుస ఆల్బమ్‌లుగా వచ్చాయి. అదే ఏడాది డేనిష్ రేడియో తన సొంత బిగ్ బ్యాండ్‌ను కూడా మొదలుపెట్టింది. అమెరికాలో ఒక జాజ్ కళాకారుడి సంపాదన క్లబ్ యజమాని, రికార్డు కంపెనీల దయ మీద ఉండేది. ఇక్కడ మూడో జేబు ఒకటి తోడైంది. అది ప్రభుత్వ రేడియో జేబు. చాలా వ్యాసాల్లో ఈ సంగతి ఒక్క వాక్యంతో సరిపెడతారు. నన్నడిగితే అసలు కీలకం అక్కడే ఉంది.

మనిషిగా అతనికి అక్కడ ఏమనిపించింది? యూరప్ వచ్చాక ఊపిరి ఆడుతోందని, నల్లవాడా తెల్లవాడా అన్న లెక్క లేకుండా మనిషిలా ఉండగలుగుతున్నానని అతనే చెప్పుకున్నాడు. దాన్ని తక్కువ చేయాల్సిన పనిలేదు. డేనిష్ నేర్చుకున్నాడు. వాల్బీ ప్రాంతంలో ఇల్లు, డేనిష్ భార్య, సంసారం. చిన్నకొడుక్కి పాతతరం టెనర్ విద్వాంసుడు బెన్ వెబ్‌స్టర్ పేరు కలిసొచ్చేలా బెంజమిన్ అని పెట్టుకున్నాడు. అంత పొడుగు మనిషి సైకిల్ తొక్కుతూ కోపెన్‌హాగన్ వీధుల్లో తిరగడం ఊరందరికీ అలవాటైన దృశ్యం.

అయితే దేశం మారినంత మాత్రాన అలవాట్లు సూట్‌కేసులోంచి దిగిపోవు. మత్తుమందులు, మద్యం అతన్ని వెంటాడాయి. అమెరికాలో జరిగినట్టు ఏళ్లకేళ్లు జైలుకు పోకపోవడం తేడా. యూరప్ అతన్ని బాగుచేసిందనడం కంటే, పాడైన ప్రతిసారీ పనిలేకుండా చేయలేదనడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

పారిస్ సంగతి ఇక్కడ చెప్పాలి. ఎందుకంటే అతని యూరప్ రికార్డుల్లో అందరికీ తెలిసింది 1963 మేలో అక్కడ చేసిన ‘అవర్ మ్యాన్ ఇన్ పారిస్’. పియానో బడ్ పవెల్, డ్రమ్స్ కెన్నీ క్లార్క్, బేస్ ఫ్రెంచివాడు పియెర్ మిషెలో. పవెల్, క్లార్క్ ఇద్దరూ బీబాప్‌ను పుట్టించిన వాళ్లలో ఉన్నవాళ్లు, ఇద్దరూ అప్పటికి పారిస్ వాసులు. పియానోకు మొదట కెన్నీ డ్రూను అనుకున్నారు. అతని బదులు పవెల్ వచ్చేసరికి కొత్త పాటలు నేర్చుకునే పరిస్థితి లేక, అందరికీ కంఠతా వచ్చిన పాత పాటలే వాయించారు. ‘స్క్రాపుల్ ఫ్రమ్ ది ఆపిల్’, ‘ఎ నైట్ ఇన్ ట్యునీషియా’ అలా వచ్చినవే. తప్పనిసరై చేసిన సర్దుబాటు. వింటే మాత్రం అలా అనిపించదు. పాత మిత్రులు పాత కబుర్లు చెప్పుకున్నట్టు ధారాళంగా పోతుంది. ఇంత చేసినా అది న్యూయార్క్ బ్లూ నోట్ రికార్డే. కంపెనీ భాగస్వామి ఫ్రాన్సిస్ వుల్ఫ్ దగ్గరుండి చూసుకున్నాడు. యూరప్‌లో కూర్చుని అమెరికన్ మార్కెట్‌కు పనిచేయడం అన్నమాట. 1965లో అమెరికా వెళ్లి అదే కంపెనీకి ‘గెటిన్ అరౌండ్’ చేశాడు. 1969, 1970, 1972లలో ప్రెస్టీజ్ కంపెనీకి అక్కడే రికార్డులు చేసి వచ్చాడు.

ఇన్నిసార్లు వచ్చి వెళ్లినా అమెరికాలో అతన్ని పెద్దగా పట్టించుకోలేదు. అతను చెల్లించిన మూల్యం ఇదే. జాజ్ పత్రికలు, పెద్ద రికార్డు కంపెనీలు, ఉత్సవాల ఏజెంట్లు ఎక్కువగా ఉన్నది న్యూయార్క్‌లో. కళ్లెదుట లేనివాడు వాళ్ల లెక్కల్లోంచి జారిపోతాడు. కోల్‌ట్రేన్ సంగీతాన్ని తలకిందులు చేస్తున్న ఏళ్లలో, ఆర్నెట్ కోల్‌మన్ చుట్టూ వాదోపవాదాలు నడుస్తున్న ఏళ్లలో, మైల్స్ డేవిస్ ఎలక్ట్రిక్ వాద్యాల వైపు తిరిగిన ఏళ్లలో గోర్డన్ ఆ గొడవల్లో లేడు. అతను వెనకబడ్డాడని అనుకున్నవాళ్లున్నారు. నాకలా అనిపించదు. 1967 జులైలో మోన్‌మార్త్‌లో కెన్నీ డ్రూ, పెడర్సన్, ఆల్బర్ట్ హీత్‌లతో చేసిన రికార్డింగులు వినండి. అవే పాత పాటలు. లోపల నడిచే ఆలోచన మాత్రం 1947 నాటిది కాదు, వాక్యాలు పొడుగయ్యాయి, గాలి పెరిగింది.

1970లలో స్థానికంగానే ఇంకో అండ దొరికింది. నీల్స్ వింటర్ అనే విద్యార్థి మోన్‌మార్త్ కచేరీలను టేపు చేస్తూ చేస్తూ 1972లో స్టీపుల్‌చేజ్ అనే రికార్డు కంపెనీ పెట్టాడు. 1974లో ‘ది అపార్ట్‌మెంట్’తో మొదలుపెట్టి గోర్డన్ ఆల్బమ్‌లు వరసగా తెచ్చాడు. వీటిలో అన్నీ గొప్పవి కావు. కొన్ని మామూలుగా ఉంటాయి, రోజూ పనికెళ్లే మనిషి రోజూ ఒకేలా ఉండడు కదా. కానీ 1970ల నడుమ ఒక బీబాప్ విద్వాంసుడి పనిని ఇంత వివరంగా భద్రపరిచిన సంస్థ అమెరికాలో కనిపించదు.

1976 డిసెంబరులో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్ ముందు జనం బారులు తీరారు. లోపల ట్రంపెట్ మీద వుడీ షా, డ్రమ్స్ మీద లూయిస్ హేస్ లాంటి వాళ్లతో గోర్డన్ వాయిస్తున్నాడు. ఆ రాత్రుల రికార్డింగే ‘హోమ్‌కమింగ్’. కొలంబియా కంపెనీలో బ్రూస్ లుండ్వాల్ ఒప్పందం రాసుకున్నాడు. 1978లోనూ 1980లోనూ డౌన్‌బీట్ పత్రిక అతన్ని ఆ ఏటి సంగీతకారుడిగా ప్రకటించింది. ఏళ్ల తరబడి వచ్చి వెళ్తున్నా ఎవరూ పట్టించుకోని మనిషికి ఉన్నట్టుండి ఈ రాజభోగం ఏమిటి?

దీనికి ‘అమెరికా తన తప్పు తెలుసుకుంది’ అన్న జవాబు చదవడానికి బాగుంటుంది. అసలు కారణాలు అంత పవిత్రమైనవి కావు. 1967లో కాబరే కార్డు రద్దయింది, కాబట్టి క్లబ్బుల్లో అడ్డు లేదు. పదేళ్లుగా రాక్, ఫ్యూజన్ (జాజ్‌ను రాక్‌తో కలిపిన బాణీ) మోత విన్న శ్రోతల్లో ఒక వర్గానికి కరెంటు తీగలు లేని స్వింగ్ వినాలనిపించింది. అప్పటికి బీబాప్ తొలితరంలో పార్కర్ లేడు, పవెల్ లేడు, వార్డెల్ గ్రే లేడు, కోల్‌ట్రేన్ కూడా పోయాడు. మిగిలినవాళ్లలో చాలామంది బతకడం కోసం బాణీ మార్చుకున్నారు. గోర్డన్ మాత్రం కోపెన్‌హాగన్‌లో రోజూ అదే సంగీతం వాయిస్తూ, నిగ్గు తగ్గకుండా వచ్చాడు. మార్కెట్‌కు దూరంగా ఉండటం వల్ల పోగొట్టుకున్నదే చివరికి అతని పెట్టుబడి అయింది. దీనికి తోడు ఆ పర్యటనను నడిపించిన మాక్సీన్ (తర్వాత అతని భార్య అయింది, 2018లో అతని జీవితచరిత్ర ప్రచురించింది), కొలంబియా లాంటి పెద్ద కంపెనీ ప్రచారబలం. అవి లేకపోతే 1976 రాక కూడా 1972 రాకలాగే ముగిసేదేమో.

ఇదంతా చూసి యూరప్ వెళితే చాలనుకోకూడదు. డాన్ బయాస్ గోర్డన్ కంటే ముందుతరం టెనర్ విద్వాంసుడు. 1946లోనే ఒక బ్యాండ్‌తో యూరప్ వచ్చి ఉండిపోయాడు. ప్రతిభలో ఎవరికీ తీసిపోడు. 1972లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పోయేనాటికి అమెరికాలో అతని పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ. బెన్ వెబ్‌స్టర్ 1960ల నడుమ వచ్చి, ఆమ్‌స్టర్‌డామ్‌లో కొన్నేళ్లు, కోపెన్‌హాగన్‌లో కొన్నేళ్లు గడిపి 1973లో మరణించాడు. సమాధి కోపెన్‌హాగన్‌లోనే. ఆ ఊళ్లో ఒక వీధికి అతని పేరు పెట్టారు, అతని పేరుతో ఒక ఫౌండేషన్ జాజ్‌కు సాయం చేస్తూ వస్తోంది. మరో టెనర్ విద్వాంసుడు జానీ గ్రిఫిన్ 1963లో వచ్చి 2008లో ఫ్రాన్స్‌లోని పల్లెటూళ్లో పోయేదాకా యూరప్‌లోనే ఉన్నాడు, 1978 నుంచి మళ్లీ అమెరికా వెళ్లి వాయిస్తూ వచ్చాడు. క్లారినెట్, సోప్రానో సాక్సోఫోన్ విద్వాంసుడు సిడ్నీ బెషే ఫ్రాన్స్‌లో సినిమా స్టార్ లాంటి పేరు తెచ్చుకున్నాడు. బడ్ పవెల్ 1964లో న్యూయార్క్ తిరిగి వెళ్లి రెండేళ్లకే చనిపోయాడు. ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. అందరినీ ‘ప్రవాసులు’ అనే ఒకే గంపలో వేస్తే ఏమీ అర్థం కాదు.

ఆ నున్నటి కథ ఇంత బలంగా నిలబడటంలో ఒక సినిమా పాత్ర ఉంది. 1986లో బెర్ట్రాండ్ టావెర్నియే తీసిన ‘రౌండ్ మిడ్‌నైట్’లో గోర్డన్ కథానాయకుడు. 1959 నాటి పారిస్‌లో డేల్ టర్నర్ అనే సాక్సోఫోన్ విద్వాంసుణ్ణి ఒక ఫ్రెంచ్ అభిమాని ఆదుకునే కథ. ఆ పాత్రకు ఆధారం లెస్టర్ యంగ్, బడ్ పవెల్. పవెల్‌ను నిజంగానే ఫ్రాన్సిస్ పోద్రా అనే అభిమాని చేరదీశాడు. గోర్డన్ 1959లో పారిస్‌లో లేడు, కాలిఫోర్నియాలో కష్టాలు పడుతున్నాడు. అతని యూరప్ జీవితంలో ఒక రక్షకుడంటూ ఎవరూ లేరు. ఉన్నవి ఒక క్లబ్, ఒక రేడియో, ఒక మంచి బేస్ కుర్రాడు. కానీ నటన ఎంత సహజంగా ఉందంటే చూసినవాళ్లంతా అది అతని సొంత కథే అనుకున్నారు. ఉత్తమ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. సంగీతానికి హెర్బీ హాన్‌కాక్‌కు ఆస్కార్ దక్కింది. డైలాగుల్లో సంగీతకారులు నిజంగా మాట్లాడుకునే తీరు ఉండాలని పట్టుబట్టి మార్పించింది గోర్డనే. ఆ శ్రద్ధే సినిమాను మరింత నమ్మించేలా చేసి, అతని అసలు చరిత్రను కప్పేసిందనిపిస్తుంది. 1990 ఏప్రిల్ 25న ఫిలడెల్ఫియాలో చనిపోయినప్పుడు జనానికి గుర్తున్నది చాలావరకు డేల్ టర్నరే.

కొత్తగా వినేవాళ్లు సినిమాతో మొదలుపెట్టకపోవడమే మంచిది. అప్పటికి ఆరోగ్యం దెబ్బతిని అతని ఊపిరి తగ్గిపోయింది. ముందు ‘గో’ వినండి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చిన ఆల్బమ్ అది. తర్వాత 1964లో పారిస్‌లోనే చేసిన ‘వన్ ఫ్లైట్ అప్’. అందులో ట్రంపెటర్ డోనల్డ్ బర్డ్ రాసిన ‘తాన్యా’ పద్దెనిమిది నిమిషాలు సాగి రికార్డు ఒక వైపంతా ఆక్రమిస్తుంది. బేస్ వాయిస్తున్నది పద్దెనిమిదేళ్ల పెడర్సన్. అది అయ్యాక రేడియోలాండ్ టేపుల్లోకి వెళ్లండి. వాటిలో సౌండ్ అక్కడక్కడా గరగరలాడుతుంది, పాటలు అవే అవే వస్తుంటాయి. వరసగా రెండు మూడు గురువారాలు వింటే ఒకే పాటలో అతను వారం వారం ఏం మార్చాడో పట్టుకోవచ్చు.